అమ్మాయిలకు సైన్స్ మెంటర్‌గా ఉండటం ఎలా? (కీబోర్డు లాక్కోకుండా)

అమ్మాయిలను సైన్స్, టెక్నాలజీ వైపు ప్రోత్సహించాలని బయల్దేరేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఒకటే: ఒక హాలు, ఒక మైకు, పేరున్న సైంటిస్టు ప్రసంగం, చివర్లో గ్రూప్ ఫోటో. ఫిబ్రవరి 11న, సైన్స్‌లో మహిళలు, బాలికల అంతర్జాతీయ దినోత్సవం నాడు, ఇవి మరీ ఎక్కువ. 12వ తేదీన ఆ పిల్లలు ఏం చేస్తున్నారని అడిగే నాథుడుండడు. మెంటరింగ్, అంటే పక్కనుండి దారి చూపడం, మొదలవ్వాల్సింది ఆ 12న.

కావలసినవి

12 నుంచి 16 ఏళ్ల మధ్య ఒక అమ్మాయి. ఒక్కరే, గుంపు కాదు. వారానికి ఒక గంట. గీతల్లేని నోట్‌బుక్, పెన్ను. పెన్సిల్ వద్దు. రబ్బరుతో చెరిపేసిన తప్పు మళ్లీ దొరకదు, మనకు పనికొచ్చేది ఆ తప్పే. కంప్యూటర్ మొదటి నెల అక్కర్లేదు. 'అమ్మాయిల కోసం' అని గులాబీ రంగు డబ్బాలో అమ్మే కిట్లు కొనకండి. తనకు వేరే సైన్స్ ఉందేమో అనుకుంటుంది.

ముందే ఇంట్లోవాళ్లతో మాట్లాడి ఒప్పించుకోండి. లైబ్రరీ లాంటి, నలుగురూ కనిపించే చోటే కలవండి. దీనికి మినహాయింపులు లేవు.

1. సరైన మెంటర్‌ని చూడండి

పెద్ద సైంటిస్టు కంటే నాలుగైదేళ్లు పెద్దదైన అక్క మేలు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరిన 150 మంది అమ్మాయిలపై తారా డెనెహీ, నీలాంజన దాస్‌గుప్తా చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. కొందరికి సీనియర్ అమ్మాయిని, కొందరికి సీనియర్ అబ్బాయిని మెంటర్‌గా ఇచ్చారు. కొందరికి ఎవరినీ ఇవ్వలేదు. సీనియర్ అమ్మాయి తోడున్నవాళ్లలో ఆ ఏడాది ఒక్కరు కూడా ఇంజనీరింగ్ వదల్లేదు. మార్కులేమీ అమాంతం పెరిగిపోలేదు. 'ఇక్కడ నాకూ చోటుంది' అన్న నమ్మకం నిలబడింది, అంతే. అలాగని మగవాళ్లు తప్పుకోనక్కర్లేదు. దగ్గర్లో అలాంటి అక్క లేకపోతే మీరే చేయండి, కానీ ఆ అమ్మాయిని అలాంటివాళ్లతో కలిపే పని కూడా మీదే.

2. మొదటి కలయిక

సైంటిస్టు బొమ్మ గీయమనండి. డేవిడ్ చాంబర్స్ అనే పరిశోధకుడు 4,807 మంది పిల్లలతో ఈ పని చేయించి 1983లో ఫలితాలు ప్రచురించారు. అన్ని బొమ్మల్లో ఆడ సైంటిస్టులు 28 మంది. ఆ 28 బొమ్మలూ గీసింది ఆడపిల్లలే. ఇప్పటి పిల్లలు కొంత నయం. ఏం గీసినా ఉపన్యాసం ఇవ్వకండి, తేదీ వేసి దాచమనండి. తర్వాత పాడైపోయిన టార్చో, గోడ గడియారమో ఇచ్చి విప్పమనండి. బ్యాటరీలు తీసేసి ఇవ్వండి.

3. ప్రాజెక్టు

తన ఆలోచనే అయ్యుండాలి, మీది కాదు. రోజూ దేని గురించి విసుక్కుంటుందో వినండి, అందులోంచే వస్తుంది. గదిలో ఏ మూల ఎక్కువ వేడెక్కుతుంది, మొక్కకు నీళ్లు తక్కువైతే లైటు వెలగాలి, ఇంతటివి చాలు. ఆరు వారాల్లో తేలిపోవాలి. ఆరు దాటితే అది ప్రాజెక్టు కాదు, హోంవర్క్.

4. ఆగిపోయినప్పుడు

అసలు కథ ఇక్కడుంది. మిగతావన్నీ ఎలా చేసినా నడుస్తుంది, ఇది చెడిపోతే మాత్రం అన్నీ చెడిపోతాయి.

ఎల్‌ఈడీ వెలగదు. లేదా ప్రోగ్రాం నడవదు, తెర నిండా ఎర్ర అక్షరాలు. ఆ అమ్మాయి 'నాకు రాదక్కా' అంటుంది. మెంటర్ ఏం చేస్తారు? 'ఇలా ఇవ్వు' అని కీబోర్డు తీసుకుని రెండు నిమిషాల్లో సరిచేస్తారు. లైటు వెలుగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఆ అమ్మాయికి అర్థమైంది ఒకటే: కష్టం వచ్చినప్పుడు చేయాల్సింది వేరేవాళ్లు. మంచి మనసున్న మెంటర్లే ఈ పని ఎక్కువ చేస్తారు, అదే బాధ. పక్కన అబ్బాయిలుంటే ఇంకా ఘోరం. స్క్రూడ్రైవర్ వాళ్ల చేతికి, నోట్స్ రాసే పని ఈమె చేతికి వస్తాయి. నేను ఒక్కరితోనే చేయమనేది అందుకే.

కాబట్టి చేతులు కట్టుకోండి. నిజంగానే. మౌస్ లేని వైపు, చెయ్యి చాస్తే కీబోర్డు అందనంత దూరంలో కూర్చోండి.

తర్వాత నోరు కట్టుకోండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్లో కొలిచి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను. దాన్ని 3 సెకన్లు చేస్తే పిల్లలు పొడవైన జవాబులు చెప్పారు, మౌనంగా ఉండిపోవడం తగ్గింది. నేను ఇంకా ఎక్కువే ఆగమంటాను. ఆ నిశ్శబ్దం మీకే ఇబ్బందిగా ఉంటుంది, భరించండి.

మూడే ప్రశ్నలు అడగండి. ఏమవుతుందనుకున్నావు? ఏమైంది? ఆఖరిసారి ఏం మార్చావు? ఎర్ర అక్షరాలుంటే పైకి చదవమనండి. చాలామంది చదవరు, చూసి భయపడి మూసేస్తారు. ఎల్‌ఈడీ అయితే కరెంటు ఏ దారిన వెళ్తుందో వేలితో చూపించమనండి. ఎల్‌ఈడీ రెండు కాళ్లలో పొడుగుది ప్లస్‌కు వెళ్లాలన్న సంగతి మీరు చెప్పకూడదు. వేలు అక్కడికి వెళ్లి ఆగుతుంది, అప్పుడు తనకే అనుమానం వస్తుంది.

'ఇది చాలా ఈజీ' అనకండి. ఈజీ అయినది కూడా రావట్లేదంటే తనెంత మొద్దో అని లెక్క వేసుకుంటుంది. 'అమ్మాయివైనా బాగా చేశావు' అనేవాళ్లను ఆ గదిలోకే రానివ్వకండి. 'నువ్వు తెలివైనదానివి' అన్నది కూడా వద్దు, ఇది వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన పరీక్షల్లో, తెలివిని పొగిడించుకున్న పిల్లలు తర్వాత కష్టమైన పజిల్ ఎదురవగానే త్వరగా చేతులెత్తేశారు. కష్టపడ్డారని పొగిడించుకున్నవాళ్లు పట్టుదలగా కూర్చున్నారు. ఆ పొగడ్త కూడా చేసిన పని గురించే ఉండాలి: 'ముందు బ్యాటరీ చూసి తర్వాత వైరు చూశావు, ఆ వరుస బాగుంది.'

ఇరవై నిమిషాలైనా కదలకపోతే ఒక్క చిన్న సూచన ఇవ్వండి. అదీ మీ కాగితం మీద గీసి, తన సర్క్యూట్ బోర్డు ముట్టుకోకుండా. కళ్లలో నీళ్లు తిరిగితే ఆ రోజుకు పని ఆపేయండి. ధైర్యవచనాలు వద్దు, వేరే మాటలు మాట్లాడుకోండి. ఆగిపోయిన చోటు నోట్‌బుక్‌లో రాసుంటుంది, వచ్చే వారం అక్కడి నుంచే.

ఆ రాయడం మానకూడదు. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో (స్విచ్ లాంటి భాగంలో) రెక్కల పురుగు ఇరుక్కుంటే, కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ పనిచేసిన బృందం దాన్ని టేపుతో లాగ్‌బుక్‌లో అంటించి పెట్టింది. ఆ పేజీ ఇప్పటికీ మ్యూజియంలో ఉంది. తప్పును సిగ్గుపడి దాచేవాళ్లయితే ఆ పని చేయరు.

గొప్పవాళ్ల కథలు చెప్పాలనిపిస్తే ఆగిపోయిన రోజులతో సహా చెప్పండి. శాస్త్రవేత్త కాతలిన్ కరికో చేసిన ఎంఆర్‌ఎన్‌ఏ పరిశోధనకు (తర్వాత కోవిడ్ టీకాలకు దారి వేసింది ఇదే) నిధులు రాక, 1995లో పనిచేసే యూనివర్సిటీలోనే ఆమె హోదా తగ్గించారు. నోబెల్ వచ్చింది 2023లో. 2023 ఒక్కటే చెబితే అది పోస్టర్.

5. మిగతావి

ల్యాబ్ టెక్నీషియన్, నెట్‌వర్క్ ఇంజనీర్, డేటా చూసేవాళ్లు, ఇలా రకరకాల పనులు చేసే ఆడవాళ్లతో అరగంట మాట్లాడించండి. 'నిన్న పొద్దున్నుంచి ఏం చేశారు?' అని అడగమనండి, 'మీ సక్సెస్ సీక్రెట్ ఏంటి?' అని కాదు. సబ్జెక్టులు ఎంచుకునే సమయానికి లెక్కలు మాత్రం వదిలేయనివ్వకండి. ఫిజిక్స్, ఇంజనీరింగ్, కంప్యూటర్లు అన్నింటికీ దారి అటు నుంచే. జీతం, హాస్టల్, ఉద్యోగ వేళల గురించి ఇంట్లోవాళ్లు అడుగుతారు, నిజాలే చెప్పండి.

ఏడాది తర్వాత చరిత్రో, సంగీతమో చదువుతానంటే మొహం మాడ్చుకోకండి. సైన్స్‌లోనే ఉంటే తనకంటే చిన్నదైన ఇంకో అమ్మాయిని అప్పగించండి, మీరు వెనక్కి తగ్గండి. నోట్‌బుక్ తనదే, మీ దగ్గర ఉంచుకోవద్దు. దాని ఫోటోలు మీ సంస్థ రిపోర్టులో వేసుకోవాలంటే ముందు ఆ అమ్మాయిని, తర్వాత ఇంట్లోవాళ్లను అడగండి. ఇద్దరిలో ఒకరు వద్దన్నా వేయకండి.