కట్టని ఇన్‌వాయిస్‌కు వసూలు ఖర్చు: ఎంత పోతుంది, ఎంత అడగొచ్చు

వసూలు ఛార్జీ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు లెక్కలున్నాయి. ఒకటి, బకాయి రాబట్టినందుకు మీరు వసూలు ఏజెన్సీకి ఇచ్చుకునేది. రెండోది, ఆలస్యం చేసినందుకు బాకీదారు దగ్గర మీరు అదనంగా అడగగలిగేది. మొదటిది ఏజెన్సీతో మీరు కుదుర్చుకున్నదాన్ని బట్టి ఉంటుంది. రెండోది కొనుగోలుదారుతో రాసుకున్న ఒప్పందం, చట్టం ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే. ఈ రెంటినీ కలిపేసి, 25 శాతం కమీషన్ పోతుంది కాబట్టి బాకీ మీద 25 శాతం వేసేద్దాం అనుకున్న చోటే చాలా లెక్కలు తప్పుతాయి. అది ఎందుకు చాలదో కింద చూపిస్తాం.

బాకీ ఎంతో ముందు తేల్చండి

ఇన్‌వాయిస్ మొత్తంలోంచి అడ్వాన్సు, వెనక్కి వచ్చిన సరుకు, బిల్లు తగ్గిస్తూ మీరు ఇచ్చిన క్రెడిట్ నోట్లు తీసేయండి. సరుకు బాగాలేదనో, రేటు తప్పనో కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టిన భాగం ఉంటే దాన్ని పక్కన పెట్టి, తగాదా లేని భాగాన్నే వసూలుకు పంపండి. రెండూ కలిపి పంపితే ఆ చిన్న తగాదాను అడ్డం పెట్టుకుని మొత్తం ఆపేస్తారు.

తర్వాత వడ్డీ. ఇది ఇన్‌వాయిస్ తేదీ నుంచి కాదు, గడువు దాటిన మర్నాటి నుంచి నడుస్తుంది. 2,40,000 బాకీ, గడువు మార్చి 31, ఒప్పందంలో ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ ఉందనుకోండి. జూలై 15 నాటికి ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జూలై 15, వెరసి 106 రోజులు.

2,40,000 × 12 ÷ 100 × 106 ÷ 365 = 8,363.84

రోజు వడ్డీని ముందే 78.90కి కుదించి 106తో గుణిస్తే 8,363.40 వస్తుంది. తేడా పైసల్లోనే, కానీ నోటీసులో ఒక అంకె, లెడ్జర్లో ఇంకో అంకె కనిపిస్తే ఎదుటివాళ్ల వకీలు పట్టుకునేది దాన్నే. కుదింపు ఏదైనా చివర్లో ఒక్కసారే చేయండి. ఒప్పందంలో "నెలకు 1.5 శాతం" అని ఉంటే సాధారణ వడ్డీగా ఏడాదికి 18 శాతం. నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ అయితే 19.56 శాతం. ఈ రెంటిలో ఏదన్నది రాయకుండా వదిలేసిన ఒప్పందంలో చక్రవడ్డీ అడగడం కష్టం.

మధ్యలో కొంత కడితే

లెక్క నిజంగా చిక్కుపడేది ఇక్కడే. పై బాకీలోనే మే 31న 90,000 వచ్చిందనుకుందాం. ఆ రోజుకు 61 రోజుల వడ్డీ 4,813.15 పేరుకుని ఉంది. వచ్చిన సొమ్మును దేనికి జమ కట్టాలి?

అసలుకు ముందు జమ కడితే మిగిలిన అసలు 1,50,000. దాని మీద ఇంకో 45 రోజుల వడ్డీ 2,219.18. జూలై 15కి రావలసింది 1,57,032.33.

వడ్డీకి ముందు జమ కడితే 90,000లో 4,813.15 వడ్డీకి పోయి, అసలులో తగ్గేది 85,186.85 మాత్రమే. మిగిలిన అసలు 1,54,813.15, దాని మీద 45 రోజుల వడ్డీ 2,290.39. రావలసింది 1,57,103.54.

తేడా 71.21. ఒక్క బిల్లుకి చిన్నదే, కానీ పదేపదే కొద్దికొద్దిగా కట్టే ఖాతాలో ఏడాది తిరిగేసరికి రెండు పక్షాల లెడ్జర్లు ఎప్పటికీ కలవని స్థితికి వస్తాయి. జమ క్రమం ఒప్పందంలో రాసుకోండి. కట్టినవాళ్లు ఫలానా ఇన్‌వాయిస్‌కే అని రాసి పంపితే మాత్రం దాన్ని పక్కన పెట్టి మరో బిల్లుకు జమ వేసుకోకండి.

ఏజెన్సీ కమీషన్: శాతం కన్నా అది దేని మీద అన్నదే ముఖ్యం

వసూలైతేనే కమీషన్ అనే పద్ధతి ఎక్కువ వాడుకలో ఉంది. సుమారు 10 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. బాకీ పాతబడేకొద్దీ, మొత్తం చిన్నదయ్యేకొద్దీ శాతం పెరుగుతుంది. ఏజెన్సీ మారినా, కోర్టుకెక్కినా ఇంకా పెరుగుతుంది. అందుకే 90 రోజులు దాటినప్పుడే పంపాల్సిన బిల్లును ఏడాది మురగబెట్టి పంపితే రెండు విధాల నష్టం: వచ్చే అవకాశం తగ్గుతుంది, వచ్చినదాంట్లో పోయే వాటా పెరుగుతుంది.

అంచెల రేటు ఉన్న ఒప్పందాలను రెండుసార్లు చదవండి. "మొదటి 50,000 మీద 30 శాతం, ఆపైన 20 శాతం" అన్నారు. వసూలైంది 80,000. అంచెలవారీగా అయితే 15,000 + 6,000 = 21,000. మొత్తం చేరిన అంచె రేటే అంతటికీ వర్తిస్తుందంటే 80,000 మీద 20 శాతం, అంటే 16,000. ఇక మూడో అర్థం ఒకటుంది, అది జేబు కొట్టేది: బాకీదారు 20,000 చొప్పున నాలుగు వాయిదాల్లో కడితే, ప్రతి వాయిదానూ విడి వసూలుగా లెక్కేసి ఒక్కొక్కదాని మీద 30 శాతం, మొత్తం 24,000 తీసుకుంటారు. ఒకే వాక్యం, మూడు అంకెలు. "ఒక ఖాతాలో ఇప్పటిదాకా వసూలైన మొత్తం మీద" అన్న మాట ఒప్పందంలో రాయించుకుంటే మూడో దారి మూసుకుంటుంది.

ఇంకా అడగాల్సినవి: ఖాతా అప్పగించాక బాకీదారు నేరుగా మీకే కడితే కమీషన్ ఉందా? సాధారణంగా ఉంటుంది. సరుకు వెనక్కి తీసుకుంటే దాని విలువను వసూలు కింద లెక్కేస్తారా? మీరే ఖాతాను వెనక్కి తీసుకుంటే రుసుము ఎంత? బాకీ వయసును గడువు తేదీ నుంచి లెక్కిస్తారా, అప్పగించిన రోజు నుంచా? వడ్డీ మీద కూడా కమీషనేనా?

ఖాతాకింత అని ముందే తీసుకునే పద్ధతి చౌకగా కనిపిస్తుంది. 10,000 చొప్పున ఉన్న పది బిల్లులకు ఒక్కోదానికి 2,000 అంటే 20 శాతమే కదా అనిపిస్తుంది. పదింటిలో నాలుగే వసూలైతే వచ్చింది 40,000, ఇచ్చింది 20,000. అసలు ఖర్చు 50 శాతం. వసూలయ్యే అవకాశం బాగా ఉన్న తాజా బకాయిలకే ఈ పద్ధతి నప్పుతుంది.

25 శాతం ఎందుకు చాలదు

బాకీ 1,00,000. దాని మీద 25,000 కలిపి 1,25,000 వసూలు చేయించారు. ఏజెన్సీ కమీషన్ వసూలైన మొత్తం మీద కాబట్టి 31,250 పోతుంది. మీకు మిగిలేది 93,750. మీ లక్ష మీకు దక్కాలంటే 1,00,000ను 0.75తో భాగించాలి: 1,33,333.33. అంటే కలపాల్సింది 33.33 శాతం. కమీషన్ 20 శాతమైతే 25, 30 అయితే 42.86, 40 అయితే 66.67, 50 అయితే సరిగ్గా రెట్టింపు. సూత్రం ఒకటే: కమీషన్ శాతాన్ని, నూరులోంచి ఆ శాతం తీసేయగా మిగిలినదానితో భాగించి నూరుతో గుణించండి. కమీషన్ అసలు మీదే తప్ప కలిపిన ఛార్జీ మీద లేదని ఏజెన్సీ ఒప్పుకుంటే అప్పుడు 25 కలిపితే చాలు. బేరమాడాల్సింది ఇక్కడ.

పన్ను సంగతి చాలామంది మరచిపోతారు. 1,00,000 సరుకు, 20,000 పన్ను కలిసిన 1,20,000 బిల్లు మీద 25 శాతం కమీషన్ 30,000. ఆ 20,000 ప్రభుత్వానిది, మీ రాబడి కాదు. మీ లక్షలో పోయింది 30 శాతం. కమీషన్ మీద పడే పన్ను దీనికి అదనం, అది వెనక్కి రాబట్టుకోలేకపోతే అదీ మీ ఖర్చే.

బాకీదారు దగ్గర ఎంత అడగొచ్చు

లెక్క 33.33 అని చెప్పినంత మాత్రాన అది అడగొచ్చని కాదు. సరుకు అమ్మకముందే ఒప్పుకున్న నిబంధన కావాలి. అమ్మేశాక ఇన్‌వాయిస్ అడుగున చిన్న అక్షరాల్లో అచ్చేసిన వాక్యం నిలబడటం కష్టం. శాతం భారీగా పెడితే కోర్టులు దాన్ని జరిమానాగా చూసి తగ్గించవచ్చు. అందుకే "నిజంగా అయిన, సమంజసమైన వసూలు ఖర్చులు" అన్న నిబంధన ఎక్కువ గట్టిది.

నిబంధన లేకున్నా కొన్ని చోట్ల చట్టమే ఇస్తుంది. ఐరోపా సమాఖ్య 2011 నాటి ఆదేశం ప్రకారం వ్యాపారుల మధ్య బాకీకి కనీసం 40 యూరోల స్థిర పరిహారం, మూల రేటుకు (కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు) కనీసం 8 శాతం పైన వడ్డీ. బ్రిటన్‌లో 1998 చట్టం కింద మూల రేటుపై 8 శాతం వడ్డీతో పాటు, బాకీ 1,000 పౌండ్ల లోపైతే 40, 10,000 లోపైతే 70, ఆపైన 100 పౌండ్లు. భారత్‌లో 2006 నాటి చట్టం సూక్ష్మ, చిన్న సంస్థలకు రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని నెలనెలా చక్రవడ్డీగా ఇస్తుంది. అమెరికాలో వ్యక్తుల సొంత అవసరాల బాకీలకైతే 1977 చట్టం ప్రకారం ఒప్పందమో చట్టమో అనుమతించని ఏ మొత్తాన్నీ వసూలు ఏజెంట్లు కలపకూడదు.

అప్పగించాలా, రాజీ పడాలా

బాకీదారు లక్షకు 60,000 ఇప్పుడే ఇచ్చి తేల్చుకుంటానన్నాడు. ఏజెన్సీ కమీషన్ 30 శాతం, పూర్తిగా వసూలయ్యే అవకాశం నూటికి 70 అని మీ అంచనా. 1,00,000 × 0.70 (అవకాశం) × 0.70 (కమీషన్ పోగా మీ వాటా) = 49,000. రాజీయే మేలు. అవకాశం 86 శాతం పైన ఉంటేనే ఏజెన్సీ దారి గెలుస్తుంది, అదీ ఆర్నెల్లు ఆగాలన్న సంగతి లెక్కేయకుండా. రాజీకి ఒప్పుకుంటే తేదీ వేయండి, ఆ తేదీకి రాకపోతే పూర్తి బాకీ తిరిగి నిలుస్తుందని రాయించండి.

చివరిగా పద్దు. ఏజెన్సీ లక్ష వసూలు చేసి 25,000 పట్టుకుని 75,000 పంపుతుంది. బ్యాంకులో కనిపించింది 75,000 కదా అని అంతే జమ వేస్తే, పూర్తిగా కట్టేసిన కొనుగోలుదారు పేరున ఇంకా 25,000 బాకీ కనిపిస్తుంది. నెల తిరగ్గానే సాఫ్ట్‌వేర్ అతనికి ఇంకో తాకీదు పంపేస్తుంది. కొనుగోలుదారు ఖాతాలో లక్షా జమ వేసి, 25,000ను వసూలు ఖర్చు కింద విడిగా రాయండి.