హీట్ ఎక్కిన పాత మారుతి: హెడ్ దించి మళ్ళీ కూర్చోబెట్టడం

కడప నుంచి రాయచోటి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. మే నెల మధ్యాహ్నం, బండి నిండా మనుషులు, ఏసీ ఆన్, సెకండ్ గేర్. పాత మారుతి 800 టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ క్షణంలో పక్కకు తీసి ఆపేస్తే ఒక హోస్ పైపో, ఫ్యాన్ స్విచ్చో మార్చుకుని బయటపడొచ్చు. "కోవా అంగళ్ళ దాకా పోయి ఆపుదాంలే" అని తోలితే, ఇంజిన్ బ్లాక్ మీద మూతలా కూర్చునే హెడ్ వంగుతుంది.

ఇంకో మోసం కూడా ఉంది. ఎర్రగీత మీదున్న ముల్లు ఉన్నట్టుండి కిందికి దిగితే బండి చల్లబడిందని సంబరపడొద్దు. నీళ్ళు మొత్తం పోయి, సెన్సర్ ఉత్త గాలిలో నిలబడ్డప్పుడు కూడా ముల్లు అట్లాగే పడిపోతుంది.

ఆపినాక బానెట్ తెరిచి గంటసేపు వదిలేయండి. రేడియేటర్ క్యాప్ ముట్టుకోవద్దు. కాలుతున్న ఇంజిన్ మీద చెంబుతో నీళ్ళు పోయడం మన దగ్గర బాగా అలవాటు. అల్యూమినియం హెడ్ పగలడానికి అది చాలు.

హెడ్ ఎందుకు వంగుతుందో తెలిస్తే తర్వాతి పనంతా సులువు. 800, ఆమ్నీ, పద్మిని బండ్లలో బ్లాక్ ఇనుము, హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుముకు రెండింతలు సాగుతుంది. అడుగు పొడవున్న హెడ్ 100 డిగ్రీలు అదనంగా వేడెక్కితే సుమారు 0.7 మి.మీ. పెరగాలని చూస్తుంది, కింద బ్లాక్ అందులో సగమే పెరుగుతుంది. బోల్టులు పక్కకు పోనివ్వవు కాబట్టి హెడ్ నడుమ విల్లులా లేస్తుంది. ఆ సందులో, హెడ్‌కూ బ్లాక్‌కూ నడుమ ఉండే గ్యాస్కెట్ కాలిపోతుంది. పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కు హెడ్ కూడా ఇనుమే. అది వంగడం తక్కువ, వాల్వ్ సీట్ల మధ్య పగలడం ఎక్కువ.

హెడ్ దించే ముందు

గ్యాస్కెట్ పోయిందని ఊహతో హెడ్ దించకండి. ముందు క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పి చూడండి. తిరగకపోతే సెల్ఫ్ కొట్టొద్దు. స్పార్క్ ప్లగ్గులు మూడూ విప్పి మళ్ళీ ప్రయత్నించండి. అప్పుడు తిరిగి, ప్లగ్గు రంధ్రంలోంచి నీళ్ళు చిమ్మితే సిలిండర్‌లో నీళ్ళు నిండాయని అర్థం. ప్లగ్గులుండగా సెల్ఫ్ కొట్టి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగేది. ప్లగ్గులు తీసినా తిరగకపోతే పిస్టన్ బోరుకు (సిలిండర్ లోపలి గోడకు) పట్టేసింది. అది ఫుల్ ఇంజిన్ పని, ఈ వ్యాసంలో చెప్పే పని దానికి చాలదు.

తిరిగితే డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ మజ్జిగ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి. ఆయిల్ పోసే మూత లోపల మాత్రమే కొంచెం తెల్ల నురుగు కనబడి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే గ్యాస్కెట్‌ను అనుమానించక్కర్లేదు. చలికాలంలో దగ్గర దగ్గర తిరిగే బండ్లకు అది మామూలే.

తర్వాత చల్లటి ఇంజిన్‌కు రేడియేటర్ క్యాప్ తీసి, నీళ్ళు నింపి స్టార్ట్ చేయండి. నిమిషం తిరక్కుండానే బుడగలు వరసగా వస్తుంటే, క్యాప్ పెట్టగానే పై హోస్ రాయిలా గట్టిపడుతుంటే, మంట గ్యాసు నీళ్ళలోకి పోతోంది. నీళ్ళు ఇంకా వేడెక్కనే లేదు కాబట్టి ఆ ఒత్తిడి ఆవిరిది అయ్యే వీల్లేదు.

కంప్రెషన్ గేజ్ దొరికితే ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ వైరు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఐదారు తిప్పులు కొట్టండి. సిలిండర్ల మధ్య తేడా 1 కేజీ దాటకూడదు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా తగ్గితే ఆ రెంటి నడుమ గ్యాస్కెట్ కాలింది. ఒక్కటే తగ్గితే ప్లగ్గు రంధ్రంలో ఒక టీస్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో గ్యాస్కెట్టో.

దించడం

ఇంజిన్ పూర్తిగా చల్లబడాలి. రాత్రంతా వదిలేసి పొద్దున మొదలుపెట్టడం మేలు. వేడి మీద బోల్టులు వదులు చేస్తే బాగున్న హెడ్ కూడా వంగుతుంది.

బ్యాటరీ నెగటివ్ తీసి, కూలెంట్‌ను తెల్ల బకెట్‌లోకి దించండి. ఆ రంగును గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఒకటో సిలిండర్ పిస్టన్‌ను పూర్తిగా పైకి (టాప్‌కు) తెచ్చి టైమింగ్ గుర్తులు కలిపి, అప్పుడు బెల్ట్ తీయండి. డిస్ట్రిబ్యూటర్ రోటర్ ఎటు చూస్తోందో పెయింట్‌తో గీత గీసి పెట్టుకోండి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-2, ప్లగ్గు వైర్లకు నంబర్లు అంటించండి.

హెడ్ బోల్టులు చివరల నుంచి మధ్యకు, మూడు దఫాలుగా వదులు చేయాలి. అన్నీ విప్పినా హెడ్ కదలకపోతే సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు. అక్కడ పడ్డ గీత గుండా జీవితాంతం నీళ్ళు కారతాయి. మానిఫోల్డ్ వైపు చెక్క ముక్క ఆనించి సుత్తితో తట్టండి, వదులుతుంది.

పైకి లేవగానే దేన్నీ తుడవకండి. ముందు చూడండి. మూడు పిస్టన్ల మీదా నల్ల మసి ఉంటే సరే. ఒక పిస్టన్ మాత్రం కడిగిన గిన్నెలా తెల్లగా మెరుస్తుంటే నీళ్ళు దూరింది ఆ సిలిండర్‌లోకే. ఆవిరి మసిని ఊడ్చేస్తుంది. ఆ సిలిండర్ పక్కనే గ్యాస్కెట్ ఉక్కు వలయం మీద సన్నటి నల్ల దారి, వలయం నుంచి నీళ్ళ రంధ్రం వరకు కనబడుతుంది. హెడ్‌లో సరిగ్గా ఆ చోటే మొదట కొలవాలి.

కొలత

గ్యాస్కెట్ ముక్కల్ని చెక్క బద్దతోనో ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనో గీకాలి. డ్రిల్‌కు నార డిస్క్ పెట్టి రుద్దేస్తే పని తొందరగా అవుతుంది గానీ, ఆ డిస్క్ నుంచి రాలే గరుకు పొడి ఆయిల్ దారిలోకి పోయి కొత్త బేరింగుల్ని తినేస్తుంది.

నిటారు ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జ్, సందులు కొలిచే పల్చటి బ్లేడుల ఫీలర్ గేజ్ చాలు. పొడవునా రెండు చోట్ల, అడ్డంగా రెండు చోట్ల, ఐమూలగా రెండు వైపులా. ఈ చిన్న మారుతి ఇంజిన్‌కు హద్దు 0.05 మి.మీ. ఆ బ్లేడు ఎక్కడైనా దూరితే ఫేసింగ్ (హెడ్ అడుగు ముఖం చదును చేయడం) చేయించాల్సిందే. బ్లాక్ పైముఖం కూడా ఇట్లాగే కొలవాలి, హద్దు అదే. చాలామంది బ్లాక్‌ను వదిలేస్తారు, ఆర్నెల్లకు అదే గ్యాస్కెట్ మళ్ళీ పోతుంది.

కడప బండ మీద గ్రైండింగ్ పేస్ట్ పూసి హెడ్‌ను రుద్దే షెడ్లు ఉన్నాయి. నేలకు పరచడానికి కడప బండను మించింది లేదు కానీ, 0.05 మి.మీ. లెక్కలో అది గుట్టలూ గుంతలే. అంచులు అరిగి, హెడ్ బొజ్జ కట్టినట్టు తయారవుతుంది. మందపాటి అద్దం మీద ఎమరీ పేపర్ అంటించి రుద్దడం కొంత నయం, అదీ 0.08 లోపు వంపుకే. ఆపైన ఉంటే లేత్ షాపులో సర్ఫేస్ గ్రైండర్ మీద పెట్టించండి. వంపు పోయేంత మాత్రమే తీయమని గట్టిగా చెప్పండి. ఎంత తీస్తే కంప్రెషన్ అంత పెరుగుతుంది, హెడ్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌కు దగ్గరై వాల్వ్ టైమింగ్ కొద్దిగా వెనకబడుతుంది.

ఫేసింగ్‌కు ఇచ్చే ముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. రాకర్లు తీసేసి క్యామ్‌షాఫ్ట్‌ను వేళ్ళతో తిప్పండి. హాయిగా తిరగాలి. ఒకచోట బిగుసుకుంటే హెడ్ పైభాగం కూడా వంగింది. కింద ఎంత చదును చేసినా పైన క్యామ్ కూర్చునే వరస నిటారు కాదు. అట్లాంటి హెడ్‌తో బండి రెండు మూడు నెలలు నడిచి క్యామ్ పట్టేస్తుంది. వంపు 0.2 మి.మీ. దాటిన హెడ్ మీద డబ్బు పెట్టడం దండగ. స్క్రాప్ అంగడిలో మంచిది చూసుకోండి, కార్బొరేటర్ మోడల్‌దా, ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే ఎంపీఎఫ్‌ఐదా అని సరిపోల్చి మరీ తీసుకోండి.

పగుళ్ళు రెండు వాల్వ్ సీట్ల నడుమ, సీటుకూ ప్లగ్గు రంధ్రానికీ మధ్య వస్తాయి. కంటికి కనబడవు. డై పెనిట్రెంట్ మూడు డబ్బాల సెట్ వాడండి. శుభ్రం చేసి ఎర్ర రంగు కొట్టి, పది నిమిషాలాగి తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే పగులున్న చోట ఎర్ర దారంలా తేలుతుంది. నీళ్ళ దారులన్నీ మూసి, వేడినీళ్ళ తొట్టిలో ముంచి గాలి పట్టించే పరీక్ష అంతకన్నా నమ్మకమైనది.

వాల్వులు గ్రైండ్ చేశాక హెడ్ తిరగేసి గుంతల్లో కిరోసిన్ పోయండి. ఐదు నిమిషాల్లో పోర్టుల్లోకి దిగకూడదు. వాల్వ్ సీళ్ళు ఆరూ మార్చండి. వేడికి గట్టిపడ్డ రబ్బరు మళ్ళీ మెత్తబడదు, వాటిని వదిలేస్తే రేపు నీలి పొగ వస్తుంది. బోరు గోడ మీద గీతలుంటే గోరుతో అడ్డంగా గీకి చూడండి. గోరు తగులుకుంటే బోరింగ్ పని తప్పదు.

కూర్చోబెట్టడం

బ్లాక్‌లో బోల్టు రంధ్రాల్లో నీళ్ళు, ఆయిల్ మిగిలితే బోల్టు బిగించేటప్పుడు అవి ఎటూ పోలేక బ్లాక్‌నే చీలుస్తాయి. గాలి కొట్టి, సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి ప్రతి రంధ్రమూ ఆరబెట్టండి. నీళ్ళ జాకెట్లలో పేరుకున్న పొలుసును ఇప్పుడే వంచిన తీగతో గీకి తీసేయాలి, ఇంకోసారి అందదు.

గ్యాస్కెట్ పొడిగా పెట్టాలి. షెల్లాక్, అనాబాండ్ లాంటి జిగురు ఏదీ పూయకండి. పై వైపు గుర్తు, ఆయిల్ రంధ్రం సరిచూసుకోండి. ఆయిల్ రంధ్రం మూసుకుపోతే క్యామ్ ఎండిపోతుంది. బోల్టు మరకు, తల కిందికి ఒక్కో చుక్క ఆయిల్. బిగింపు మధ్య నుంచి చివరలకు మూడు దఫాలు: మొదట 2, తర్వాత 4, చివరికి 5.5 నుంచి 6 కేజీ-మీటర్లు. ఇది పాత 800 కార్బొరేటర్ ఇంజిన్ లెక్క, మీ బండి వేరైతే దాని మాన్యువల్ అంకె చూడండి. చేతి అందాజా మీద బిగించేవాళ్ళు ఎంత అనుభవం ఉన్నా ఒక బోల్టు ఎక్కువ, ఒకటి తక్కువ చేస్తారు. టార్క్ రెంచ్ అద్దెకైనా తెచ్చుకోండి. మళ్ళీ బిగించాలా అక్కర్లేదా అన్నది గ్యాస్కెట్ కవరు మీద రాసినట్టే చేయండి.

టైమింగ్ బెల్ట్ కొత్తది వేసి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూశాకే కవర్ మూయండి. టాపెట్లు (వాల్వ్‌కూ రాకర్‌కూ నడుమ సందు) ఇంజిన్ చల్లగా ఉండగా సెట్ చేయాలి.

ఆయిల్‌లో నీళ్ళు కలిసి ఉంటే ఒక్క మార్పుతో పోదు. చవక ఆయిల్ పోసి పదిహేను నిమిషాలు ఐడిల్‌లో తిప్పి, వేడి మీదే దించేసి, ఫిల్టర్‌తో సహా మార్చండి. 500 కిలోమీటర్లకు ఇంకోసారి.

అసలు హీట్ ఎందుకు ఎక్కింది

ఇప్పుడు ఆ తెల్ల బకెట్ గుర్తు తెచ్చుకోండి. తుప్పు రంగు నీళ్ళు, అడుగున తెల్లటి గసి ఉంటే కారణం దొరికినట్టే. అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో బోరుబావి నీళ్ళు కాచిన గిన్నెకు తెల్ల పొర కట్టడం అందరికీ తెలుసు. రేడియేటర్ గొట్టాల్లోనూ అదే పొర కడుతుంది. "మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. మన దగ్గర కూలెంట్ పని తుప్పు పట్టకుండా, పొలుసు కట్టకుండా, నీళ్ళు మరిగే వేడిని పెంచుతూ కాపాడటం. కాన్సంట్రేట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ అంగడిలో దొరుకుతుంది.

ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకులు విప్పించి రాడింగ్ (గొట్టాల్లో కమ్మీ దూర్చి పొలుసు తీయడం) చేయించండి. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్ మూసుకుపోతే మార్చడమే. పొలుసు కొద్దిగానే ఉంటే లీటరు నీళ్ళకు 25 గ్రాముల నిమ్మఉప్పు కలిపి, ఇంజిన్‌ను వేడెక్కించి 20 నిమిషాలు తిప్పి, వేడి తగ్గాక దించి, నాలుగైదు సార్లు మంచినీళ్ళతో కడగండి. ఎక్కువసేపు ఉంచితే అల్యూమినియంను తింటుంది. పొలుసే ఇన్నాళ్ళూ ఏదో రంధ్రాన్ని మూసి ఉంటే ఇప్పుడది బయటపడుతుంది. అది రోడ్డు మీద కాకుండా షెడ్డులో బయటపడటమే మంచిది.

థర్మోస్టాట్‌ను పీకి పారేయడం ఇక్కడ ఆచారం. కొన్ని ఇంజిన్లలో అది తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూస్తుంది. పీకేస్తే వేడినీళ్ళు రేడియేటర్‌కు పోకుండా తిరిగి ఇంజిన్‌లోకే వస్తాయి. గిన్నెలో నీళ్ళు కాచి దారంతో వేలాడదీయండి. దాని మీద 82 అని ఉంటే ఆ వేడి దగ్గర కదలిక మొదలై, నీళ్ళు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి.

క్యాప్ రబ్బరు పగిలితే మార్చండి. 0.9 కేజీ ఒత్తిడి నిలిపే క్యాప్ ఉంటే ఉత్త నీళ్ళు కూడా 118 డిగ్రీల దాకా మరగవు, క్యాప్ పోతే 100కే ఆవిరి. ఫ్యాన్ స్విచ్ రెండు వైర్లూ కలిపితే ఫ్యాన్ తిరగాలి. ఒక్కటే వైరున్న స్విచ్ అయితే దాన్ని బాడీకి తాకించండి. ఆదోని వైపు పత్తి సీజన్‌లో తిరిగే బండ్లకు ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య దూది పరుపు కడుతుంది. ముందునుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనబడుతుంది. కండెన్సర్ జరిపి, ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టండి.

చివరగా గాలి తీయాలి. బండి మూతి ఎత్తు మీద ఉండేలా నిలిపి, హీటర్ లివర్ వేడి వైపు పెట్టి, క్యాప్ తీసి ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచండి. మట్టం తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండాలి.

తర్వాత వారం రోజులు రోజూ పొద్దున్నే, స్టార్ట్ చేయక ముందు, రేడియేటర్ మట్టం, డిప్‌స్టిక్ రెండూ చూడండి. ఏడో రోజుకూ మట్టం కదలకుంటే ఏసీ వేసి ఘాట్ ఎక్కొచ్చు. బయట ఎక్కడా చుక్క కారకుండానే రోజుకు గ్లాసెడు తగ్గుతోందంటే నీళ్ళు సైలెన్సర్ గుండా పోతున్నాయి, ప్లగ్గులు విప్పి ఏ సిలిండర్‌దో మళ్ళీ చూడండి.