మేడ మీది గదిలో గేమ్ కంపెనీ: ముందు ఆట, తర్వాత బోర్డు

పేరు, లోగో, విజిటింగ్ కార్డులు. కంపెనీ అనుకోగానే నేను మొదట చేయించినవి ఈ మూడు. ఆ కార్డులు ఓ రెండు వందలు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. ఆ పేరుతో మేం ఒక్క ఆట కూడా విడుదల చేయలేదు. మీరు ఆ డబ్బు మిగుల్చుకోండి. ఎంత చిన్నదైనా సరే, ముందు ఒక ఆట పూర్తి చేయండి. కంపెనీ దాని వెనకాలే వస్తుంది.

నేను ఆరేళ్లు మాదాపూర్‌లో విదేశీ వీడియో గేములకు బొమ్మలు చేసిపెట్టే స్టూడియోలో పనిచేశాను. తలుపులు, పీపాలు, తుపాకీ పిడులు. ఏ గేమ్‌కు చేశానో బయట చెప్పకూడదని అగ్రిమెంట్. జీతం టైముకే వచ్చేది, అబద్ధం ఎందుకు. కానీ ఆరేళ్లలో ఒక్క ఆట కూడా మొదటి నుంచి చివరి దాకా నా చేతుల మీదుగా వెళ్లలేదు. మానేసి హన్మకొండ వచ్చాక, కోడ్ రాసే ఇంకో అబ్బాయి కలిశాక, అసలు కష్టం ముగించడంలో ఉందని తెలిసింది.

అందుకే మొదటి ఆట మూడు నెలల్లో అయిపోయేంత ఉండాలి. నన్ను సలహా అడిగేవాళ్లలో సగం మంది కాకతీయుల కాలం, ఓపెన్ వరల్డ్, గుర్రాలు, కోటలు అంటూ వస్తారు. ఎంతమంది ఉన్నారు బాబూ అంటే ఇద్దరం అంటారు. మేం పులి–మేక తీసుకున్నాం. 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. నియమాలు ఎప్పటినుంచో ఉన్నవే, ఎవరి దగ్గరా హక్కులు కొనక్కర్లేదు. మూడు నెలలనుకున్నది అయినా ఏడు నెలలు పట్టింది.

డబ్బు లెక్క కిరాణా కొట్టు లెక్కలా వేయండి. మా ఇద్దరి తిండి, గది అద్దె, కరెంటు, ఇంటర్నెట్ కలిపి నెలకు 45,000. ఏడాదికి 5,40,000. ఇప్పుడు అమ్మకం వైపు చూడండి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో మన దేశంలో 349 రూపాయలని ధర పెడితే అందులో 18 శాతం జీఎస్‌టీ కలిసే ఉంటుంది. అది తీసేస్తే సుమారు 296. అందులో 30 శాతం స్టీమ్‌ది. మిగిలేది 207. బ్యాంకు ఛార్జీలు, రిఫండ్లు పోను 200 అనుకోండి. అంటే ఏడాది బతకడానికి 2,700 కాపీలు అమ్మాలి, అదీ డిస్కౌంట్ లేకుండా. ఈ సంఖ్యను కాగితం మీద రాసి గోడకు అంటించండి. అది చూసి భయం వేస్తే మంచిదే, ఉద్యోగం మానకుండా సాయంత్రాలు పనిచేయండి. స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్‌ను ఒక్కడే కూర్చుని నాలుగేళ్లకు పైగా చేసిన ఎరిక్ బరోన్ కూడా ఆ రోజుల్లో ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్ పనిచేశాడు. నా విషయంలో మా ఆయన జీతం మీద ఇల్లు గడిచింది. ఇది చెప్పకుండా 'ధైర్యం చేశాను' అని చెప్పుకోవడం నాకు నచ్చదు.

ఇంజిన్, అంటే ఆటను తయారుచేసే సాఫ్ట్‌వేర్, దాని గురించి గంటలు గంటలు వాదించుకోకండి. మీకు వచ్చిన దాంతోనే చేయండి. మేం గోడో అనే ఇంజిన్ ఎంచుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, అది ఎంఐటీ లైసెన్సుతో ఉచితం, రేపు ఎవరూ వచ్చి వాటా అడగరు. 2023 సెప్టెంబరులో యూనిటీ అనే ఇంకో ఇంజిన్ వాళ్లు ఇన్‌స్టాల్‌కింత అంటూ ఫీజు ప్రకటించినప్పుడు ఎంతమందికి నిద్రపట్టలేదో నాకు తెలుసు. ఏడాది తర్వాత ఆ ఫీజును రద్దు చేశారు గానీ, ఆ టెన్షన్ మర్చిపోలేం. రెండోది మన అక్షరాలు. మేం మొదట వాడిన ఇంజిన్‌లో 'స్త్రీ' అని రాస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కపక్కన నిలబడ్డాయి. గోడో 4లో తెలుగు ఫాంట్ పెట్టగానే ఒత్తు కిందికి చేరింది. ఆటలో తెలుగు ఉంటుందనుకుంటే మొదటి రోజే ఒక స్క్రీన్ మీద 'స్త్రీ', 'క్ష్మి', 'ర్థ్య' రాసి చూడండి. చివర్లో చూస్తే ప్రతి మాటనూ బొమ్మగా చేసి పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇక ఆడించి చూడటం. దీని మీద ఎంత టైమ్ పెట్టినా తక్కువే. స్నేహితులకు ఇస్తే 'సూపర్' అంటారు, పనికిరాదు. నేను ఫోన్ తీసుకెళ్లి మా పెద్దమ్మ చేతిలో పెట్టాను. చిన్నప్పుడు గచ్చు మీద బొగ్గుతో గీసి, మూడు గులకరాళ్లు, పదిహేను చింతగింజలతో నాకు ఈ ఆట నేర్పింది ఆమే. పక్కన కూర్చున్నాను, నోరు తెరవకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను. పెద్దమ్మ మేక మీద వేలు పెట్టి లాగింది. కదల్లేదు. మా ఆటలో ముందు మేకను ముట్టుకోవాలి, తర్వాత చోటును ముట్టుకోవాలి. మళ్లీ లాగింది. ఇంకాస్త గట్టిగా లాగింది. 'ఏందే ఇది, మేక వస్తలేదు. నీ ఫోన్ ఖరాబైందా?' అంది. నేను పెదవి కొరుక్కుంటూ కూర్చున్నా. ఎలాగో ఆట పట్టుకున్నాక ఇంకో మాట అంది: 'పులి కట్టువడ్డది గదా, మరి దానికి తెల్వలేదా?' నిజమే. పులికి ఎటూ దారి లేకపోయినా మా బొమ్మ మామూలుగా తోక ఊపుతూ నిలబడి ఉంది. గెలవబోతున్నామన్న సంతోషం ఆడేవాళ్లకు అందాల్సింది సరిగ్గా ఆ క్షణంలోనే. ఆ రాత్రే లాగే పద్ధతి పెట్టాం, కట్టుపడిన పులి తోక దించి మూలిగేలా చేశాం. తర్వాత ఆడిన వాళ్లంతా ఆ మూలుగు దగ్గరే నవ్వారు. మీరూ ఇలాగే ఐదుగురి దగ్గర కూర్చోండి. మాట్లాడకండి. వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి.

ఆట ఒక రూపానికి వచ్చాక కాగితాల పని. ఒక్కరే అయితే ప్రొప్రైటర్‌షిప్ చాలు. ఇద్దరైతే ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థ) మేలు. కనీసం ఇద్దరు భాగస్వాములు కావాలి, కనీస పెట్టుబడి అంటూ లేదు. కానీ ఒక్క రూపాయి వ్యాపారం జరగకపోయినా ఏటా రిటర్నులు వేయాల్సిందే. మీ ఊళ్లో సీఏ దొరుకుతారు, ఎగుమతి సేవల జీఎస్‌టీ, ఎల్‌యూటీ (పన్ను ముందుగా కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) గురించి తెలిసినవాళ్లను వెతకండి. ఏ పేరు మీద నడపాలో స్టీమ్‌లో చేరకముందే తేల్చుకోండి. అక్కడి పేరు, బ్యాంకు ఖాతా పేరు, పన్ను కాగితాల పేరు ఒకటే ఉండాలి.

కరెంట్ అకౌంట్ కోసం మూడుసార్లు తిరిగాను. 'ఆన్‌లైన్ గేమా? రమ్మీ లాంటిదామ్మా?' అన్నారు కౌంటర్‌లో. వాళ్ల అనుమానంలో తప్పులేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బు పందెం ఆటల మీద చట్టమే తెచ్చింది. మూడోసారి ఒక పేజీ ఉత్తరం రాసుకుని వెళ్లాను: ఆటను ఒకసారి డబ్బిచ్చి కొంటారు, పందెం లేదు, బహుమతి లేదు, గెలిచినా డబ్బు రాదు. పని అయింది. ఆ ఉత్తరం మీరు మొదటిసారే పట్టుకెళ్లండి.

స్నేహితుల దగ్గర కూడా కాగితం అడగాలి. మా మొదటి పాట చేసినతను బాగా కావలసినవాడు, నోటిమాట మీదే నడిచింది. విడుదలకు పది రోజుల ముందు అదే పాట ఇంకొకరి వీడియోలో వినబడింది. తప్పు నాదే, ఏమీ రాసుకోలేదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లనుకుంటారు, ఎక్కడి వరకో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. మీరు అమ్మేది ప్రపంచమంతా. అందుకే 'ప్రపంచవ్యాప్తంగా, కాపీరైట్ ఉన్నంతకాలం' అన్న మాటలు కాగితంలో తప్పక ఉండాలి. మీ పార్ట్‌నర్‌తో కూడా వాటా ఎంత, మధ్యలో మానేస్తే కోడ్ ఎవరిది అన్నది సఖ్యంగా ఉన్నప్పుడే రాసుకోండి.

స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు కట్టాలి. ఆట 1,000 డాలర్ల ఆదాయం దాటితే అది తిరిగి వస్తుంది. డబ్బు కట్టిన 30 రోజుల దాకా విడుదల చేయనివ్వరు, 'త్వరలో' పేజీ కనీసం రెండు వారాలు కనబడాలి. ఇవి కనీసాలు మాత్రమే. మీరు ఆరు నెలల ముందే పేజీ పెట్టండి, ఎందుకంటే విష్‌లిస్టులు, అంటే 'వచ్చాక కొంటాం' అని జనం గుర్తుపెట్టుకున్న జాబితాలు, పోగయ్యేది అక్కడే. రాబోయే ఆటల డెమోలను స్టీమ్ అందరికీ చూపించే నెక్స్ట్ ఫెస్ట్ ఏడాదికి మూడుసార్లు వస్తుంది, కానీ ఒక ఆటకు ఒకే ఒక్క ఛాన్స్. మేం పేజీ పెట్టిన తొమ్మిది రోజులకే ఆత్రంగా దూరిపోయాం. ఎవరికీ మా పేరు తెలియని వారంలో ఆ ఛాన్స్ కాస్తా ఖర్చయిపోయింది. విడుదలకు ముందు వచ్చే చివరి ఫెస్ట్ దాకా ఆగండి.

ఆండ్రాయిడ్‌కూ తెస్తే ప్లే స్టోర్‌కు ఒకేసారి 25 డాలర్లు. కొత్త వ్యక్తిగత ఖాతాలైతే 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు టెస్టింగ్‌లో చేరి ఉండాలి. పన్నెండు మందే కదా అనుకుంటాం, నాలుగో రోజుకి ముగ్గురు తప్పుకుంటారు. ఇరవై మందిని పోగు చేసుకోండి.

స్టీమ్ అడిగే అమెరికా పన్ను ఫారం నింపేటప్పుడు పాన్ నంబరు ఇచ్చి, రెండు దేశాల పన్ను ఒప్పందం కింద తగ్గింపు అడగండి. అమెరికాలో అమ్మిన వాటి మీద 30 శాతం కోత 15కు తగ్గుతుంది. కోసిన ఆ పన్నును ఇక్కడి రిటర్నులో చూపించుకోవచ్చు. ఏ నెల అమ్మకాల డబ్బు ఆ తర్వాతి నెలాఖరుకు వస్తుంది, 100 డాలర్లు దాటితేనే. అంటే విడుదలయ్యాక రెండు నెలల ఖర్చు కూడా చేతిలో ఉండాలి. డబ్బు పడగానే బ్యాంకును విదేశీ జమ పత్రం అడిగి ఫైల్‌లో పెట్టండి, జీఎస్‌టీ వాళ్లు ముందు చూసేది అదే.

విడుదలైన వారం ఫోన్‌లో అమ్మకాల పేజీని గంటకోసారి చూస్తారు, వద్దన్నా ఆగరు. అందుకని అంతకుముందే తర్వాతి ఆట పని ఏదో ఒకటి చేతిలో పెట్టుకోండి. నేను ఆ వారమంతా పెద్దమ్మ ఇంట్లో వామనగుంటల పీట ముందు మైకు పెట్టుకుని కూర్చున్నాను. గుంటలో చింతగింజ పడే చప్పుడు కావాలి. ఫ్యాన్ ఆపేశాం, పక్కింటి కుక్కర్ మాత్రం ఆగలేదు, మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి దొరికింది.