రిటర్నుల సీజన్‌లో అటాచ్‌మెంట్లు తెరిచే ముందు

జూన్ వచ్చిందంటే ట్యాక్స్ రిటర్నులు వేసే ఆఫీసుల మెయిల్‌బాక్సులు నిండిపోతాయి. ఫారం 16లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హౌసింగ్ లోన్ సర్టిఫికెట్లు, అన్నీ అటాచ్‌మెంట్లే. రోజుకు వంద ఫైళ్లు తెరిచే చెయ్యి నూట ఒకటోదాన్నీ చూడకుండానే తెరిచేస్తుంది. వైరస్ పంపేవాడికి కావలసింది అదే.

సీజన్ మొదలవకముందే ఒక సెట్టింగ్ మార్చుకోండి. విండోస్ మామూలుగా ఫైలు పేరులోని చివరి ముక్కను దాచేస్తుంది. చివర ఈఎక్స్ఈ (అంటే ప్రోగ్రామ్) ఉన్న ఫైలు పేరులో, దానికి ముందు పీడీఎఫ్ అని తగిలిస్తే, మనకు పీడీఎఫ్ లాగానే కనిపిస్తుంది. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్‌లో పుట్టిన 'ఐ లవ్ యూ' వైరస్ ఈ కిటుకుతోనే ప్రపంచమంతా పాకింది. ప్రేమలేఖ అనుకుని తెరిస్తే అది వీబీఎస్ స్క్రిప్టు, అంటే తెరవగానే నడిచే చిన్న ప్రోగ్రామ్. తెరిచినవారి అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ తనను తానే పంపుకునేది. పాతికేళ్లు దాటినా ఆ సెట్టింగ్ అలాగే ఉంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ చేయండి. విండోస్ 11లో అయితే వ్యూలో షో కింద ఉంటుంది. ఇక చివర ఈఎక్స్ఈ, జేఎస్, వీబీఎస్, ఐఎస్ఓ కనిపిస్తే తెరవకుండా డిలీట్ చేయండి. ఎవరి ఫారం 16 కూడా అలా రాదు.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తెరవగానే 'ఎనేబుల్ కంటెంట్' నొక్కమంటే నొక్కకండి. లోపలున్న మ్యాక్రో, అంటే ఫైల్లో దాగిన చిన్న ప్రోగ్రామ్, అప్పుడే పని మొదలుపెడుతుంది. ఎమోటెట్ అనే వైరస్ ఎక్కువగా ఇలాగే వ్యాపించింది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. బ్యాంకులు పంపే అసలైన పీడీఎఫ్‌లకూ పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి, పాస్‌వర్డ్ అడిగితే మనకు అనుమానం రాదు. తేడా గమనించండి. బ్యాంకు పాస్‌వర్డ్ మీ పుట్టినతేదీ లాంటి, మీకు తెలిసిన వివరాలతో ఉంటుంది. జిప్ ఫైలు పంపి, పాస్‌వర్డ్ కూడా అదే మెయిల్లో రాశారంటే, లోపలున్నది యాంటీవైరస్ కంట పడకూడదనే కావచ్చు. పంపింది తెలిసినవారే అయినా, మీ దగ్గరున్న నంబర్‌కు ఫోన్ చేసి అడగండి. ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు అంటూ వస్తే అటాచ్‌మెంట్ వదిలేసి, పోర్టల్ అడ్రస్ మీరే టైప్ చేసి లాగిన్ అయి చూసుకోండి.

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా దానిమీదే నడుపుతుంటే సీజన్‌కు ముందే మార్చండి.

బ్యాకప్ విషయంలో నాకు తెలిసిన ఒక ఆఫీసు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. రోజూ శ్రద్ధగా బ్యాకప్ తీసేవాళ్లు, కానీ ఆ హార్డ్ డిస్క్ ఎప్పుడూ సిస్టమ్‌కే తగిలించి ఉండేది. ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్, రాన్సమ్‌వేర్, వచ్చిన రోజు ట్యాలీ డేటాతో పాటు అదీ లాక్ అయిపోయింది. కాపీ అవగానే డిస్క్ తీసి బీరువాలో పెట్టండి.

పొరపాటున తెరిస్తే, ముందు నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోతే వెంటనే బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్లు, మనం తిడతామన్న భయంతో సాయంత్రం దాకా చెప్పరు, ఈలోగా మిగతా సిస్టమ్‌లకూ పాకుతుంది. 'నొక్కేస్తే వెంటనే చెప్పు, ఏమీ అనను' అని వాళ్లకు ఈరోజే చెప్పి ఉంచండి.