ముడతల రేకు బండి మీద వినైల్ లేవకుండా అంటించడం ఎలా

కారు డోర్ మీద స్టిక్కర్ చకచకా వేసేవాళ్లు కూడా ముడతల బాడీ ఉన్న ట్రైలర్, వ్యాన్ దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. ఎక్కువమంది చేసే పని ఏంటంటే, వినైల్‌ని, అంటే స్టిక్కర్ ఫిల్మ్‌ని, ఒక గట్టు మీద నుంచి ఇంకో గట్టు మీదికి బిగుతుగా లాగి అంటించేసి, ఆ తర్వాత హీట్ గన్ పెట్టి మధ్యలో ఉన్న గాడుల్లోకి తోస్తారు. ఆ రోజుకి బ్రహ్మాండంగా ఉంటుంది. నాలుగు ఎండలు తగిలాక సాగిన ఫిల్మ్ మళ్లీ తన పాత కొలతకి వెళ్లాలని చూస్తుంది, గాడి అడుగు నుంచి ఊడి డేరాలా లేస్తుంది. అందుకే గాడిలోకి దిగడానికి సరిపడా ఫిల్మ్ ముందే ఇవ్వాలి, సాగదీసి సరిపెట్టకూడదు.

ఇది కొలత దగ్గరే మొదలవుతుంది. టేపుని గట్ల మీదుగా తిన్నగా పట్టుకుని కొలిస్తే లెక్క తప్పుతుంది. మాస్కింగ్ టేప్‌ని గట్టు, వాలు, గాడి అన్నిటినీ తాకేలా అంటించి, ఊడదీసి, చదునుగా పరిచి కొలవండి. ఉదాహరణకి గట్టు పైభాగం 40 మి.మీ., గాడి అడుగు 40 మి.మీ., లోతు 20 మి.మీ., ఒక్కో వాలు అడ్డంగా 10 మి.మీ. ఉందనుకుందాం. తిన్నగా కొలిస్తే ఒక ముడత 100 మి.మీ., ఒంపుల వెంట కొలిస్తే దాదాపు 125. అంటే 2 మీటర్ల బాడీకి రెండున్నర మీటర్ల ప్రింట్ కావాలి. ఆ తేడా డిజైన్‌లోనే, ముడతలకి అడ్డంగా ఉన్న దిశలో, కలపాలి, లేకపోతే అంటించాక అక్షరాలు నొక్కుకుపోయినట్టు కనిపిస్తాయి. ఫోన్ నంబర్ లాంటి చిన్న అక్షరాలు మాత్రం వాలు మీద పడనివ్వకండి. అవి గట్టు వెడల్పులో పట్టకపోతే ఒక చదును ప్యానెల్ బిగించి దాని మీద వేయడమే మంచిది, పక్క నుంచి చూసేవాడికి కూడా చదవడానికి వస్తుంది.

ఫిల్మ్ విషయంలో పొదుపు చేయొద్దు. క్యాస్ట్ వినైలే (ద్రవంగా పోసి, సాగదీయకుండా ఆరబెట్టి చేసే రకం) తీసుకోండి, సుమారు 50 మైక్రాన్ల మందంతో మెత్తగా ఒంపులకి ఒదుగుతుంది. క్యాలెండర్డ్ వినైల్ తయారీలోనే రోలర్ల మధ్య సాగి వస్తుంది కాబట్టి ముడుచుకుపోయే గుణం దాంట్లోనే ఉంటుంది. పైన వేసే లామినేషన్ కూడా క్యాస్టే అయ్యుండాలి, చాలామంది ఇక్కడే బిల్లు తగ్గించబోయి పని పాడుచేసుకుంటారు. సాల్వెంట్ ఇంకు ప్రింట్ అయితే లామినేట్ చేసే ముందు కనీసం 24 గంటలు ఆరనివ్వండి. ఇంకులో సాల్వెంట్ మిగిలితే ఫిల్మ్, జిగురు రెండూ మెత్తబడతాయి.

అంటించే ముందు బండిని సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అది ఆరిపోకముందే ఇంకో పొడి గుడ్డతో తీసేయాలి, లేకపోతే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే కూర్చుంటుంది. గుడ్డని వేలి మొనకి చుట్టి గాడి మూలల్లో గట్టిగా లాగి చూడండి, నల్లగా వస్తే ఇంకోసారి తుడవండి. ఊడిపోవడం ఎక్కువగా మొదలయ్యేది ఆ మూలల్లోనే. సిలికాన్ సీలెంట్ మీద వినైల్ నిలవదు, దానికి కొంచెం ఇవతలే కత్తిరించేయాలి.

ఇక అంటించడం. నీళ్లు చల్లే పద్ధతి ఇక్కడ వద్దు, గాడిలో చిక్కిన నీరు బయటికి రాదు. బ్యాకింగ్ పేపర్ మొత్తం ఒకేసారి తీయకుండా కొద్దికొద్దిగా తీస్తూ మొదటి గట్టు మీద అంటించండి, అక్కడి నుంచి వాలు దిగి, గాడి అడుగు నొక్కి, అవతలి వాలు ఎక్కి రెండో గట్టుకి రండి. ఫిల్మ్ ఒక్క క్షణం కూడా గాడి మీద వంతెన కట్టకూడదు. ఒకరు వదులుగా పట్టుకుని అందిస్తుంటే ఇంకొకరు ఫెల్ట్ అంచు ఉన్న స్క్వీజీతో (ఫిల్మ్‌ని రుద్ది నొక్కే ప్లాస్టిక్ పలకతో) నొక్కాలి, ఒంటరిగా చేసే పని కాదిది. గాడి మూలలో స్క్వీజీ కంటే గ్లవ్ వేసుకున్న బొటనవేలే బాగా పనిచేస్తుంది. ముడత లోతు రెండు మూడు మిల్లీమీటర్లే అయితే కొంచెం వేడి చేసి నొక్కినా క్యాస్ట్ ఫిల్మ్ తట్టుకుంటుంది. మరీ లోతుగా, నిలువు గోడల్లా ఉంటే మాత్రం గట్లకి వేరే, గాడులకి వేరే పట్టీలుగా కత్తిరించి వేయండి.

రివెట్ వచ్చినచోట చుట్టూ ఉన్న గాలిని సూదితో పొడిచి వదిలేసి, వేడి చేసి రివెట్ బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ నొక్కాలి. షీట్ల అతుకు దగ్గర ఒక సెంటీమీటర్ దాకా ఒకదాని మీద ఇంకోటి రావాలి. పైది కిందదాన్ని కప్పితే వాన నీరు జారిపోతుంది, ముందుది వెనకదాన్ని కప్పితే గాలి అంచుని లేపలేదు. బ్లేడుతో బండి మీదే కోస్తే పెయింట్ గీసుకుపోయి తుప్పుకి దారి అవుతుంది, అందుకే నైఫ్‌లెస్ టేప్ వాడండి, ఫిల్మ్ కింద ముందే అంటించి దాని లోపలి దారాన్ని లాగితే ఫిల్మ్ తెగుతుంది.

అంతా అయ్యాక ఫైనల్ హీటింగ్ తప్పనిసరి. గాడులు, రివెట్లు, అంచులు అన్నీ 90 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా వేడి చేయాలి, ఎంత వరకు వెళ్లొచ్చో ఫిల్మ్ కంపెనీ షీట్‌లో ఉంటుంది. చేత్తో అంచనా వేయకుండా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. ఎక్కడైనా ఫిల్మ్ పైకి లేస్తే అక్కడ సాగదీశారని అర్థం, వేడి మీదే మళ్లీ నొక్కి చల్లారేదాకా పట్టుకోండి. అయినా లేస్తుంటే గాడి వెంట సన్నగా కోసి, టెన్షన్ వదిలించి, పైన చిన్న పట్టీ వేయండి.

మర్నాడు ఒకసారి గాడుల వెంట వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లండి, మెత్తగా తగిలితే మళ్లీ వేడి చేసి నొక్కండి. ఒకటి రెండు రోజుల దాకా కడగొద్దని బండి వాళ్లకి చెప్పండి. తర్వాత ప్రెషర్ వాషర్ వాడినా నాజిల్‌ని ఓ అడుగు దూరంలో, ఉపరితలానికి ఎదురుగా పట్టుకోమనండి, ఏటవాలుగా అంచుల కిందికి నీళ్లు కొట్టొద్దనండి.