లారీ లైసెన్సు ట్రైనింగ్: చేరే ముందు అడగాల్సినవి

హెవీ లైసెన్సు ట్రైనింగ్‌లో చేరాలనుకుంటే ఫీజు కన్నా ముందు ఒకటి అడగండి: స్టీరింగ్ నా చేతిలో ఎన్ని గంటలు ఉంటుంది? 40 గంటల కోర్సు అంటారు గానీ, ఒకే బండిలో నలుగురిని ఎక్కిస్తే మీ వంతుకు వచ్చేది 10. మిగతాదంతా పక్కన కూర్చుని చూడటమే. వీలైతే ఒకరోజు వెళ్లి యార్డులో నిలబడండి. ట్రైలర్‌ను రివర్స్ చేయిస్తున్నారా, ఊరికే ముందుకు తిప్పుతున్నారా తెలిసిపోతుంది. రివర్స్‌లో ట్రైలర్ వెనక భాగం ఎడమకు పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. ఈ తిరకాసు వింటే రాదు, చేయగా చేయగా చేతికి పట్టాల్సిందే.

బండి గేర్లదా, ఆటోమేటిక్కా కూడా కనుక్కోండి. కొన్ని దేశాల్లో ఆటోమేటిక్‌తో పరీక్ష ఇస్తే ఆ లైసెన్సుతో గేర్ల బండి నడపకూడదు. ఎయిర్ బ్రేకుల (గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులు) సంగతీ అంతే: అవి లేని బండితో పరీక్ష ఇస్తే, అవి ఉన్న బండి నడపకూడదు.

కంపెనీయే ఫ్రీగా నేర్పిస్తానంటే, చేతిలో డబ్బు లేనప్పుడు నేనైతే అటే మొగ్గుతాను. కాకపోతే సంతకం పెట్టే ముందు అగ్రిమెంటు మొత్తం చదవండి: ఎంతకాలం పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, వాళ్లే తీసేస్తే ఆ బాకీ ఎవరిది? ఈ చివరిది అడగడం చాలామందికి తట్టదు.