‘ఉయ్యాలో’ని మింగేసిన ల్యాప్‌టాప్ మైక్

హన్మకొండలో అమ్మ పాడే బతుకమ్మ పాటలు ల్యాప్‌టాప్ మైక్‌తోనే రికార్డు చేశా. వింటే గొంతు బావిలోంచి వచ్చినట్టుంది, వెనకాల బుస్సుమని ఒకటే రొద. విచిత్రం ఏమిటంటే మామూలు మాటలు బాగానే ఉన్నాయి. చివర సాగదీసే ‘ఉయ్యాలో’ మాత్రం సగంలో మాయం. చప్పట్లైతే అసలే లేవు. “ఫోన్ల చేస్తే ఎప్పుడో అయిపోవు గద బిడ్డా” అన్నది అమ్మ. నిజమే, కానీ నాకు పట్టుదల వచ్చింది.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి, ఇన్‌పుట్ కింద మైక్ పేరు నొక్కి, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేశా. అందులోని రొద తగ్గించే ఏర్పాటు మాటను ఉంచి మిగతాది కోసేస్తుంది. సాగే రాగం, చప్పట్లు రెండూ దాని లెక్కలో రొదే! ఆపగానే ‘ఉయ్యాలో’ పూర్తిగా వినబడింది.

బుస్సుమనడం మాత్రం పోలేదు. పాత కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్, రికార్డింగ్, మైక్ ప్రాపర్టీస్, లెవెల్స్ తెరిస్తే మైక్రోఫోన్ బూస్ట్, అంటే మైక్‌కు అందిన శబ్దాన్ని పెంచే మీట, +30 డీబీ (డెసిబెల్స్) మీద ఉంది. అంత పెంచితే గొంతుతో పాటు ఫ్యాన్ మోతా పెరుగుతుంది. +10కి దించి, అమ్మను మైక్‌కు దగ్గరగా కూర్చోబెట్టా. ఛార్జర్ పీకేస్తే సన్నటి గుయ్ కూడా ఆగింది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ బూస్ట్ కనిపించదు. అప్పుడు దగ్గర కూర్చోవడమే తేలికైన దారి.